మూటకో పేరు

మంచు ఇంకా గట్టిపడలేదు. నీరు ఇక నీరుగానూ లేదు. పడవ దించితే మంచుపెచ్చులు దాని పక్కలను కోస్తాయి. కాలు మోపితే అవే పెచ్చులు విరిగి మనిషిని మింగుతాయి. నవంబరు వస్తే మా దీవికి ఏటా పడే చెర ఇది. ఆవలి ఒడ్డున చర్చి గంట మోగితే వినబడుతుంది. ఆ గంట దగ్గరకు మేము పోలేము, అక్కడి నుంచి ఎవరూ మా దగ్గరకు రాలేరు. అలాంటి రోజుల్లో మా వదిన సైమా సౌనా ఆవిరిగదిలో, మసిబారిన గోడల మధ్య, ఆడపిల్లను కన్నది.

పిల్ల ఏడవలేదు. పిల్లికూన తుమ్మినట్టు చిన్న చప్పుడు చేసి ఊరుకుంది.

ఇంట్లో మగదిక్కు లేదు. అన్నయ్య ఆర్వి ఉత్తరాన కలప కొట్టే అడవుల్లో ఉన్నాడు. ఉన్నది అమ్మ లొవీసా, పురుడు పోయడానికి సరస్సు గడ్డకట్టకముందే వచ్చి ఇక్కడే చిక్కుకుపోయిన కైసా పెద్దమ్మ, నేను. నా పేరు వియెనో. మెత్తన, నెమ్మది, బెరుకు: మా భాషలో ఆ మాటకు ఇవన్నీ అర్థాలే. పేరుకు తగ్గ పిల్లనని ఊరు నవ్వేది. పాస్టరుగారు పాఠం అప్పజెప్పమంటే, వచ్చిన పాఠమే గొంతులో ఇరుక్కుని, కళ్లనీళ్లు పెట్టుకుని నిలబడ్డదాన్ని నేను.

బాప్తిస్మం నీళ్లు పడేదాకా మా వైపు పిల్లకు పేరు ఉండదు. ఉన్నా అది తల్లి నాలుక కిందే ఉండాలి. పైకి అంటే వినకూడనిది ఏదో వింటుంది. అందుకే పుట్టిన పిల్లను మేము ‘మూట’ అన్నాము. మూట పాలు తాగిందా, మూట కళ్లు తెరిచిందా అని ఒకరినొకరు అడిగాము. ఉయ్యాలతొట్టిలో దుప్పటి కింద కైసా పెద్దమ్మ ఉన్ని కత్తెర పెట్టింది. ఇనుము ఉన్నచోటికి ఆ వినకూడనివి రావట. పగలైనా దీపం ఆర్పనివ్వలేదు.

వదిన ఇంతకుముందు ఒక పిల్లను పోగొట్టుకుంది. యుద్ధం ముగిసిన వేసవి అది. ఎక్కడ విన్నా శాంతి, శాంతి అనే మాటే. వదిన సంబరం ఆగక, పిల్ల పుట్టకముందే చిన్న చొక్కా మీద ఎర్రదారంతో ‘రౌహా’ అని కుట్టింది. రౌహా అంటే శాంతి. వచ్చినవాళ్లందరికీ ఆ చొక్కా చూపించింది. పుట్టాక పిల్లకు జబ్బు చేస్తే, పాస్టరుగారు అందక, అమ్మే నీళ్లు చల్లి ఆ పేరు పెట్టింది. పిల్ల నిలవలేదు. శ్మశానం గేటు మీద ఇనుప అక్షరాలతో ఉన్నదీ ఆ మాటే అని వదిన ఆనాడు చూసింది. చూసి అక్కడే కూలబడింది.

అందుకని ఈసారి పేరు ఎవరికీ చెప్పలేదు. అన్నయ్య బతిమాలినా పెదవి విప్పలేదు. ఇప్పుడా పెదవులు జ్వరంతో పగిలి ఉన్నాయి. పిలిస్తే పలకడం లేదు. కళ్లు తెరిచినా మమ్మల్ని చూడడం లేదు. పేరు ఆమెలోనే ఉంది, మా చేతికి అందని చోట.

ఆ మధ్యాహ్నం మూట ఒళ్లు నీలంగా మారింది.

మొదట పెదవులు, తర్వాత గోళ్లు. ఒక ఊపిరి తీసి చాలాసేపు ఆగుతుంది. ఆ ఆగిన సేపు మా ముగ్గురి ఊపిరీ ఆగుతుంది. మళ్లీ చిన్న ఎగశ్వాస. ఆ చిన్న ఛాతీ లేచి పడుతుంటే నేను గోడకు ఆనుకుని నిలబడ్డాను. పావడా అంచు బిగించి పట్టుకున్నాను.

“నీళ్లు పొయ్యాలే లొవీసా,” అంది కైసా పెద్దమ్మ. “పాస్టరు కోసం ఇది ఆగేట్టు లేదు.”

“నేను పొయ్యను.”

“పొయ్యకపోతే? పేరు లేకుండా పంపిస్తావా?”

“నా చేత్తో పోసిన పిల్ల ఎక్కడుందో నీకు తెలుసు కదే కైసా. నువ్వే పొయ్యి.”

“నా చెయ్యా? ఈ సరస్సు చుట్టూ చచ్చినవాళ్లందరికీ ఆఖరి స్నానం పోసిన చెయ్యి ఇది. ఇది తగిలితే బాగున్నదానికి కూడా బుగులు పుడుతుంది.”

ఇద్దరూ నావైపు తిరిగారు.

“నన్ను చూడకండి,” అన్నాను.

“మరెవర్ని చూడమంటావే? కొట్టంలో ఆవునా? పోనీ దాన్నే పిలుచుకురా, నీకంటే గట్టిగా అరుస్తుంది.”

నాకు నవ్వు రాలేదు. పేరు లేకుండా పోయిన పిల్లలు ఎక్కడుంటారో మా దీవిలో అందరికీ తెలుసు. అడవి అంచున, నాచు కింద. శరత్కాలంలో ఎర్రపళ్లు ఏరడానికి పోయినప్పుడు ఒకసారి నేను ఆ ఏడుపు విన్నాను. పక్షి అయి ఉండవచ్చు, నక్క అయి ఉండవచ్చు. పళ్లబుట్ట అక్కడే పారేసి పరుగెత్తాను. దారిలో పోయేవాళ్లను అవి పేరు అడుగుతాయంటారు. ఇకమీదట ఆ గొంతుల్లో మా మూట గొంతు కూడా కలిస్తే, నేను ఈ ఇంటి గడప దాటగలనా?

“పేరేం పెట్టాలి?” అన్నాను. నా మాట నాకే వినిపించలేదు.

“అదే కదా,” అంది అమ్మ. “హిల్యా అంటేనో? మా చెల్లెలి పేరు.”

“ఏడవని పిల్లకి నిశ్శబ్దం అని పేరా! బాగుందే నీ తెలివి.”

“త్యూనె?”

“గాలి ఆగిన సరస్సు. ఇక్కడ ఊపిరి ఆగుతోందని మనం చస్తుంటే.”

“లాహ్యా. కానుక కదా అది. మంచి మాటే కదా.”

“ఇచ్చినవాడు వెనక్కి అడిగితే ఏం చెప్తావు?”

“తైమి” అన్నాను నేను మెల్లగా. తైమి అంటే మొలక. అని, కిటికీ అద్దం మీద పేరుకుంటున్న మంచు గడ్డిపరకలను చూసి, అన్నమాటను వెనక్కి మింగేశాను.

“ఐనో,” అంది అమ్మ. తనే తల అడ్డంగా ఊపింది. ఐనో అంటే ఏకైక. “వద్దు. మొదటిదాన్ని మనమే కాదన్నట్టు అవుతుంది.”

కైసా పెద్దమ్మ విసుగ్గా పిల్ల పాదాలు రుద్దింది. “ఈ అర్థాల పేర్లు వచ్చాక వచ్చిందే ఈ బాధంతా. గాలి, గడ్డి, కానుక, నిశ్శబ్దం! ప్రతి పేరుకీ ఓ అర్థం, ప్రతి అర్థానికీ ఓ భయం. మా కాలంలో పేరంటే ఉత్త చప్పుడు. కైసా అంటే ఏమిటో నాకే తెలీదు. సముద్రం అవతల కాతరీనా అని పుణ్యస్త్రీ ఉండేదట. చర్చి పుస్తకంలో నేనూ కాతరీనానే. మన నోళ్లలో పడి అరిగి అరిగి పాత చెక్కగరిటె లాగా ఇంతే మిగిలింది. ఇదిగో మీ అమ్మ, లొవీసా. ఎవరో రాణిగారి పేరు. రాణిగారు పేడ ఎత్తుతున్నారు చూడు.”

“అయితే కాతరీనా అనే పెడదాం పెద్దమ్మా,” అన్నాను ఆశగా.

ఆమె చెయ్యి ఆగింది. “వద్దులే. ఆవిడ తల నరికారు.”

పిల్ల మళ్లీ ఊపిరి ఆపింది. ఈసారి చాలాసేపు. కైసా పెద్దమ్మ దాని నోట్లోకి ఊది, వీపు తట్టి, తిట్టి, తిరిగి రప్పించింది.

“సైమా అనే పెట్టెయ్యండి!” అంది అమ్మ ఏడుస్తూ. “తల్లి పేరే పెట్టండి. సరస్సు పేరు. ఎప్పటికీ ఎండిపోదు.”

“నీకు మతి పోయిందా? ఒకే కప్పు కింద ఇద్దరికి ఒకే పేరా? తీసుకుపోవడానికి వచ్చినవాడు ఆ పేరుతో పిలుస్తాడు. ఎవరో ఒకరు పలికి తీరాలి. తల్లి అసలే ఆ గుమ్మంలో నిలబడి ఉంది.” ఆమె నావైపు చెంబు తోసింది. “పోవే పిల్లా. సరస్సు నీళ్లు తే. పురిటి తొట్టి నీళ్లు పనికిరావు. వచ్చేలోపు నోట్లో ఏదో ఒక పేరు పెట్టుకునిరా.”

గొడ్డలి తీసుకుని రేవుకు పోయాను. వెలుతురు అప్పుడే బూడిద రంగు తిరుగుతోంది. పడవల చెక్కబల్ల చివర మోకరించి మంచు కొట్టాను. దెబ్బ పడిన చోటి నుంచి ఒక మూలుగు బయలుదేరి, నల్లటి మంచు కింద పాకుతూ ఆవలి ఒడ్డు దాకా పోయింది. అక్కడ ఎవరో దాన్ని విని ఇటు తిరిగి చూసినట్టు, కాసేపటికి మరో మూలుగు తిరిగి వచ్చింది. నా చేతిలో గొడ్డలి జారింది.

పేర్లన్నీ వరసగా తలచుకున్నాను. ప్రతి పేరులోనూ ఒక తలుపు ఉంది, ప్రతి తలుపు వెనుకా చలి ఉంది. చచ్చినవాళ్ల పేర్లు వద్దు. చస్తారేమోనన్న పేర్లు వద్దు. బతికి చూపించిన పేరు కావాలి. జ్వరాలు దాటి, ఆకలి చలికాలం దాటి, చెట్టుబెరడు కలిపిన రొట్టె తిని కూడా నిలబడిన పేరు. అలాంటి పేరు నాకు ఒక్కటే తెలుసు. దాన్ని నేను రోజూ మోస్తున్నాను.

ఆ ఆలోచన వచ్చిన క్షణాన నా వీపు మీద ఎవరో చెయ్యి వేసినట్టయింది. వెనక్కి చూడలేదు. చెంబు ముంచుకుని, నీళ్లు సగం ఒలకబోసుకుంటూ, ఇంటికి పరుగెత్తాను.

పిల్లను అమ్మ ఎత్తి పట్టుకుంది. నీళ్లలోంచి మంచు ముక్కలు ఏరి పారేసి, ఆ నీళ్లను నా అరచేతిలో వెచ్చబెట్టాను. మొదటి చుక్కలు పిల్ల తల మీద కాక అమ్మ మోచేతి మీద పడ్డాయి.

“గట్టిగా చెప్పు,” అంది కైసా పెద్దమ్మ. “వినాల్సినవాడికి వినబడాలి.”

“వియెనో,” అన్నాను. “తండ్రి యొక్కయు, కుమారుని యొక్కయు...”

“ఏయ్!” కైసా పెద్దమ్మ నా చెయ్యి పట్టుకోబోయింది. అప్పటికే నీళ్లు పడ్డాయి. రెండోసారి పోశాను. మూడోసారి పోశాను. పాస్టరుగారి ముందు ఎన్నడూ పూర్తికాని వాక్యం ఆ రోజు చివరిదాకా వచ్చింది. ఆమెన్ అన్నాక నేలమీద కూర్చుండిపోయాను.

అమ్మ పిల్లను చూసింది, నన్ను చూసింది. ఇద్దరిలో ఎవరిని ముందు హత్తుకోవాలో తెలియని దానిలా నిలబడిపోయింది.

ఆ రోజు నుంచి కైసా పెద్దమ్మ నన్ను ఇంట్లో పడుకోనివ్వలేదు. కొట్టంలో ఆవుల మధ్య పడుకున్నాను. “కప్పు వేరైతే మంచిది,” అంది గొర్రెతోలు దుప్పటి నా మీదకు విసురుతూ. “రాత్రిపూట ఎవరు పిలిచినా పలక్కు. నేను పిలిచినా సరే.” తర్వాత గొంతు తగ్గించి, “మెత్తని పిల్లవని అనుకున్నామే నిన్ను. దొంగముండా,” అంది.

ఇంట్లో పిల్ల ఒక చుక్క పాలు మింగిందని తెలిసిన పూట నాకు దగ్గు వచ్చింది. పెదవుల నీలం తగ్గిన పూట, పాలు పితుకుతుంటే ఆవు తన్నింది. పిల్లకు రంగు తిరుగుతుంటే నాలోంచి ఏదో తరిగిపోతున్నట్టు అనిపించేది. రొట్టె కోసే కత్తిని, బావి అంచును, నిచ్చెన మెట్టును, ప్రతిదాన్నీ అనుమానించాను. నన్ను తీసుకుపోయేది నువ్వేనా, నువ్వేనా అని మనసులోనే అడిగేదాన్ని. పిల్ల బతకాలని ప్రార్థించేదాన్ని. ఆ ప్రార్థన వెంటనే, నన్నూ ఉంచమని సిగ్గుపడుతూ కలిపేదాన్ని.

వదిన జ్వరం దిగింది. కళ్లలోకి చూపు తిరిగి వచ్చింది. పిల్లను రొమ్ముకు ఆనించుకుని, గుమ్మంలో నిలబడ్డ నన్ను అడిగింది: “నీళ్లు నువ్వు పోశావట. ఏం పేరు పెట్టావు?”

చెప్పాను.

ఆమె ముఖం గోడవైపు తిప్పుకుంది.

“నువ్వు దాచుకున్న పేరు ఏమిటి వదినా? పాస్టరుగారికి చెప్పి అది కూడా కలిపిద్దాం.”

“అది ఇంక ఎవరిదీ కాదులే,” అంది గోడతో.

నేను కొట్టానికి తిరిగిపోయాను. పిల్లను బతికించబోయి తల్లి దగ్గరి నుంచి ఏదో దొంగిలించానని, ఆమె ఆ పేరుతో తన బిడ్డను ఎన్నటికీ పిలవదని, అనిపించింది. ఎవరూ పిలవని పేరు పేరే కాదు.

చలి బిగిసింది. గాలి ఆగింది. ఒక తెల్లవారిన వేళ సరస్సు చివరి నుంచి చివరికి ఒకే రంగులో పడి ఉంది. మంచు ఆగుతుందో లేదో ఎవరో ఒకరు నడిచి చూడాలి. నడిచి, ఆవలికి చేరి, పాస్టరుగారికి చెప్పి బాప్తిస్మాన్ని స్థిరం చేయించాలి. అమ్మ బరువు మనిషి. కైసా పెద్దమ్మ ముసలిది. ఇంట్లో తేలికైనదాన్ని నేనే.

“ఈ వారం ఆగితే?” అంది అమ్మ.

“ఆగితే అది ఆగుతుందా?” అంది కైసా పెద్దమ్మ. ‘అది’ అంటే ఏమిటో ఎవరూ అడగలేదు.

ఇనుపమొన కర్రతో ముందు పొడుస్తూ నడిచాను. మొన దిగకపోతే అడుగు. మళ్లీ పొడుపు, మళ్లీ అడుగు. కాళ్ల కింద గాజులాంటి నలుపు. ఆ నలుపులో నా నీడ నా అడుగుల కింద తలకిందులుగా నడుస్తోంది. దీవి వెనుకబడింది. ఆవలి ఒడ్డు దగ్గరపడలేదు. నడిమధ్యలో, ప్రవాహం ఉన్నచోట, మంచు పెద్దగా మూలిగింది. ఒక తెల్లటి గీత నా కుడికాలి పక్క నుంచి మెరుపులా పోయింది.

ఇదే అనుకున్నాను. కత్తి కాదు, నిచ్చెన కాదు. ఇదే.

కదలలేకపోయాను. ముందుకు వేస్తే విరుగుతుంది. వెనక్కి వేసినా విరుగుతుంది. నిలబడినా ఎంతసేపు?

అప్పుడు వెనుక నుంచి పిలుపు వచ్చింది.

“వియెనో!”

పలక్కు, ఎవరు పిలిచినా పలక్కు. పళ్లు బిగబట్టాను. మెడ మాత్రం మెల్లగా తిప్పాను. రేవు బల్ల మీద వదిన నిలబడి ఉంది. మంచం దిగకూడని మనిషి, గొర్రెతోలు దుప్పటి చుట్టుకుని, చేతుల్లో మూటతో. ఆమె వెనుక కైసా పెద్దమ్మ చేతులు ఊపుతూ అరుస్తోంది: “పిలవకే సైమా! ఆ పేరు పిలవకే!”

వదిన వినలేదు. గుండెనిండా గాలి పీల్చి, ఆ పేరును రెండు వైపులా పంచుతున్నట్టు, ఒకసారి చేతుల్లోకి చూసి, ఒకసారి నావైపు చూసి, మళ్లీ పిలిచింది.

“వియెనో!”

చేతుల్లో మూట కదిలింది. పుట్టినప్పుడు ఏడవని పిల్ల నోరు తెరిచి ఏడ్చింది. సన్నగా మొదలై, పదునెక్కి, సరస్సంతా కోసుకుంటూ వచ్చింది ఆ ఏడుపు. నా దాకా వచ్చింది. నన్ను దాటి పోయింది.

తను పలికింది. ఇక నేను మాత్రం ఎందుకు దాక్కోవాలి?

“ఆఁ, ఉన్నాను వదినా!” అని అరిచాను. జీవితంలో నేను అంత గట్టిగా అరవడం అదే మొదటిసారి.

మంచు మరోసారి మూలిగింది. కర్ర మొన ముందుకు పొడిచాను. దిగలేదు.

అడుగు వేశాను.