భూదేవి కట్టిన పాట

కండె నిండగానే భూదేవి దాన్ని తీసి, ఖాళీది తొడిగి, దారం కొస కలిపింది. వెంటనే కొంగు నోటికి అదుముకుని దగ్గింది. పదహారేళ్లుగా సూరత్‌లో ఈ కండెల మిషన్ దగ్గరే ఆమె కూర్చుంటోంది. దారపు నూగు మొదట వెంట్రుకలకు పట్టింది, తరువాత రొమ్ములోకి దిగింది. ఇన్నాళ్లూ మరమగ్గాల చప్పుడులో ఆ దగ్గు ఎవరి చెవినా పడలేదు. పోయిన నెల ఊళ్లో ప్లేగు అన్నారు. కార్ఖానాలు మూతపడ్డాయి, సగంమంది రైళ్లెక్కి ఊళ్లకు పోయారు. మళ్లీ తెరిచాక, ఆమె దగ్గితే చాలు పక్కవాళ్లు ముక్కుకు రుమాలు కట్టుకుంటున్నారు.

సర్కారు దవాఖానాలో ఎక్స్‌రే తీసి, ప్లేగు కాదని చీటీ రాసిచ్చారు. భూదేవి దాన్ని జాకెట్లో పెట్టుకునే తిరుగుతోంది.

ఆ రోజు సద్దుల బతుకమ్మ. మేస్త్రీని బతిమాలి మధ్యాహ్నమే బయటపడింది. రైలు పట్టాల పక్కన గునుగు కోసుకుని, నవాగామ్‌లో తెలుగువాళ్ల వాడలోని తన గదికి వచ్చి తాంబాళంలో పూలు పేర్చింది. తంగేడు దొరకలేదు. బంతిపూలతో సరిపెట్టింది.

వాడలో పాట చెప్పేది ఆమే. మిగతా ఆడవాళ్లు వెంట అంటారు. అందరికీ వచ్చిన పాటలు అయిపోయాక, చివర తను కట్టిన పాట ఎత్తుకునేది. రైలెక్కి సూరత్ వచ్చిన ఆడవాళ్ల పాట అది. వాడలో ఎవరైనా చనిపోతే ఆ యేడు వాళ్ల పేరుతో ఒక చరణం చేరేది. ఆమెకు రాయడం రాదు, ఇంకెవరూ రాసుకోలేదు. చలికాలంలో చనిపోయిన పక్క మిషన్ కొమురవ్వ కోసం ఈసారి చరణం కట్టింది. నెల రోజులు లోలోపలే పాడుకుని సరిచేసుకుంది.

తాంబాళం ఎత్తుకుని, బతుకమ్మ ఆడే ఖాళీ జాగా దగ్గరికి వెళ్లేసరికి, వాడ పెద్ద రాజలింగం ఎదురొచ్చి నిలబడ్డాడు.

"వదినె, ఏమనుకోకు. ఈ యేడు జర దూరం కూసో. పోరగాండ్లున్నరు."

"నాకు రోగం లేదు రాజలింగం. దవాఖానల రాసిచ్చిండ్రు, సూడు."

చీటీ గుజరాతీలో ఉంది. అతను దాన్ని ముట్టుకోకుండానే తల అడ్డంగా ఊపాడు. వెనుక నిలబడ్డ ఆడవాళ్లు నోటికి కొంగులు అడ్డం పెట్టుకున్నారు. పదహారేళ్లు తన వెంట పాడిన నోళ్లు అవి. భూదేవి అంతలోనే దగ్గింది. పిల్లలను వెనక్కి లాగిన గాజుల చప్పుడు వినిపించింది.

ఇంటికి వచ్చేసింది. తాంబాళం మూలన పెట్టి, గోడకు ఆనుకుని కూర్చుంది. చప్పట్లు వినిపించాయి. పాటలు మొదలై, తడబడి, నిలిచిపోయాయి. పొద్దు గూకే వేళకు కొమురవ్వ కూతురు సుమన వచ్చింది. బతుకమ్మకు పెట్టిన నువ్వుల సత్తు పళ్లెం గడప బయట దింపి, నాలుగడుగులు వెనక్కి వేసి నిలబడింది.

"పెద్దమ్మా, మా అవ్వ పేరు మీద పాట కట్టే ఉంటవు గద. జర చెప్పవా? నేను పాడత."

"దగ్గు అంటుకుంటదంటిరి గద బిడ్డా. పాట గూడ అంటుకుంటది. పో."

సుమన కళ్లు తుడుచుకుంటూ వెళ్లిపోయింది. ఆ పిల్ల వీపు చూశాక గానీ భూదేవికి తను ఎంత మాట అన్నదో తెలియలేదు. లేచి పిలుద్దామనుకుంది. ఆయాసం లేవనివ్వలేదు. రేపు చెప్తాలే అనుకుని కళ్లు మూసుకుంది.

తెల్లవారి సుమనే వచ్చింది. ఎంత పిలిచినా పలుకు లేదు. దూరం నుంచే కర్రతో తలుపు నెట్టింది. భూదేవి గోడకు ఆనుకునే ఉంది, తల మాత్రం పక్కకు వాలింది. మోయడానికి వాడవాళ్లు ముందుకు రాలేదు. రాజలింగం మున్సిపాలిటీకి కబురు పంపాడు. బండివాళ్లు ఆమెను దుప్పట్లో చుట్టి తీసుకుపోతూ గదిలోనూ గడప మీదా మందు తెల్లపొడి చల్లారు.

"యే థాలీ కిస్కీ హై?" అని వాళ్లలో ఒకడు గడప బయటి పళ్లెం ఎవరిదో అడిగాడు.

సుమన తల దించుకుంది.

బండి వెళ్లిపోయింది. గడప బయట పళ్లెంలో సత్తు, మీద తెల్లపొడి కప్పుకుని, చీమ కూడా పట్టకుండా అలాగే ఉంది.