శివారు బెంచీకి రెండు వాట్లు

సూర్రావుకి ఉన్న జబ్బల్లా ఒక్కటే. ఎవరేమడిగినా కాదనలేడు. ఆ జబ్బే కొంప ముంచబోయింది.

కొల్లేటి లంకలో చేపలు పట్టే ఇంట పుట్టి, ఏలూరులో రేడియోల పని నేర్చి, తాడేపల్లిగూడెంలో మైకుసెట్టు దుకాణం పెట్టాడు. మావగారు సత్తియ్యకి ఇది బొత్తిగా నచ్చలేదు. "నువ్వు మైకులు పెట్టబోయే ఉంగుటూరు సొసైటీ కొత్త హాల్లో చివరి బెంచీ దాకా మాట వినపడితే సరే. లేదా, మర్నాడే వచ్చి నాతో దోనెక్కు," అని తేల్చేశాడు. సూర్రావు దానికీ తలూపాడు.

యాభై ఏడులో మనవైపు సీలింగులో స్పీకర్లు ఎవరు చూశారు కనక? పన్నెండు బిగించాడు. ఒకే జత తీగ అన్నిటినీ కలుపుతూ పోతుంది. ఒక్కోదాని వెనక చిన్న ట్రాన్స్‌ఫార్మరు, దానికి ఒకటి, రెండు, ఐదు వాట్ల స్క్రూలు. తీగ దేనికి బిగిస్తే స్పీకరు అంతే తీసుకుంటుంది. అన్నిటికీ రెండేసి పెట్టాడు. ముప్పై వాట్ల యాంప్లిఫయరు ఇరవై నాలుగు హాయిగా మోసింది.

ప్రారంభోత్సవం రోజు పొద్దున్నే ప్రెసిడెంటు పట్టాభిరామయ్య వచ్చి చెవిలో ఊదాడు. "ఏమోయ్, నా కుర్చీ మీదది కాస్త గట్టిగా మోగాలి. ఎవరికీ చెప్పకు."

సూర్రావు దాన్ని ఐదుకు మార్చాడు. తర్వాత అదే కోరికతో సొసైటీ డైరెక్టరు జోగారావుగారు, ఆయన వెనకే ఆయన వియ్యంకుడు, ఇంకా కొందరు. మధ్యాహ్నానికి ఎనిమిది స్పీకర్లు ఐదుకెక్కి కూర్చున్నాయి. మొత్తం లెక్క నలభై ఎనిమిది వాట్లకి చేరింది.

మూడింటికి పెద్దలందరి ముందూ మైకు పెట్టాడు. ఇంకేముంది! మాట బొంగురుపోయి గరగరమంది, యాంప్లిఫయర్లో వాల్వులు ఎర్రబారాయి. గబుక్కున కట్టేశాడు. ముందుగానే వచ్చి చివరి బెంచీ మీద కూర్చున్న సత్తియ్య లేచాడు. "పద అల్లుడూ, దోనె ఖాళీగానే ఉంది."

ఆసాములకు ఎదురు చెప్పడం సూర్రావు వాళ్ల ఇంటావంటా లేదు. అయినా నోరు పెగిలింది.

"ఏవండీ, ఇది కాలవలాంటిదండి. వచ్చే నీరు ముప్పై పాళ్లేనండి. ఎగువోళ్లంతా తూములు పెద్దవి చేసేసుకుంటే శివారుకి చుక్క దక్కదండి. పైగా గట్టు తెగుద్దండి. అన్నీ మళ్లీ రెండుకే దింపుతానండి. కాదంటే నేను చెయ్యలేనండి."

దొంగతనంగా తూములు పెంచినవాళ్లకి జరిమానా వేసే కాలవ కమిటీ పెద్ద పట్టాభిరామయ్యే మరి! ఆయన మొహం కందగడ్డయింది. అంతలోనే పొట్ట పట్టుకుని నవ్వాడు. "ముందు నా తూమే బిగించవోయ్!"

"అంటే, తమరూ అడిగారాండీ?" అని జోగారావు నోరు వెళ్లబెట్టాడు.

స్పీకర్లన్నీ మళ్లీ రెండుకి దిగాయి. సాయంత్రం పట్టాభిరామయ్య గంటన్నర ఉపన్యాసం దంచాడు. సభ అయ్యాక సత్తియ్య కళ్లు నులుముకుంటూ బయటికొచ్చాడు.

"నీ దుంపతెగ! కునుకు తియ్యనిచ్చావు కాదు. ఒక్క ముక్క పోకుండా వినపడింది. ఎల్లుండి లంకకి రా."

సూర్రావు మైకు తీగ చుట్టడం ఆపాడు. "దోనెక్కడానికా మావయ్యా?"

"దోనె నాకు చాల్లే. పెసిడెంటుగారికి కుదరదని చెప్పినోడు నా అల్లుడని ఊరందరికీ చెప్పుకోవాలి. ఆ మైకు పట్టుకురా."