తీశానండీ

ఆ ఉదయం మామ విసిరిన టీ గ్లాసు అత్త చెవి పక్కనుంచి దూసుకుపోయి గోడకు కొట్టుకుని భళ్ళున పగిలింది. ఆవిడ చేసిన నేరమల్లా టీలో చక్కెర రెండోసారి వేయడం.

"టీ పెట్టావా, పాకం పట్టావా? ఏమే, నిన్నే!"

"వేశానా?" అంది అత్త, గాజు పెంకులు ఏరడానికి కిందికి వంగుతూ. ఆ ప్రశ్న ఆవిడ తనకు తానే వేసుకుంది. ఎదురు మాట్లాడిందనుకుని మామ వీపు మీద ఒక్కటి చరిచాడు. ఆవిడ ముందుకు తూలి పెంకుల మీద చెయ్యి ఆనించింది. అరచేతిలో సన్నటి ఎర్రగీత తేలింది.

కోడలు వంటగది గుమ్మంలో నిలబడి ఉంది. ఆమె భర్త స్నానాలగదిలో ఉన్నాడు. అరుపులు మొదలవగానే లోపల కుళాయి పూర్తిగా విప్పిన చప్పుడైంది. చిన్నప్పటినుంచీ అతనికి అదే అలవాటు. నీళ్ళ హోరులో ఏదీ వినపడదు. వినపడనిది జరగనట్టే.

మామను వీధి వీధంతా ఉరుము అంటుంది. ఎదురుపడితే మాత్రం పెద్దాయనా అంటుంది. ఇంటి ముందు భాగంలో ఆయన కటింగ్ షాపు. ప్రెస్సుల వాళ్ళు కుట్టిన పుస్తకాలు కట్టలుగా తెచ్చి పడేస్తే, అంచులు సమంగా కోసి ఇవ్వడం పని. మిషను దాదాపు ఆయన వయసుదే. నడుమెత్తు ఇనుప బల్ల, దాని మీద బారెడు బ్లేడు, పక్కన లివరు. చేతులు లోపలికి పోకుండా అడ్డంగా ఉండే రేకును, పని కుంటుపడుతోందని ఆయనే ఎప్పుడో ఊడబీకి పారేశాడు.

అందుకని ఆ షాపులో ఒక పద్ధతి పుట్టింది. అత్త ముందు నిలబడి కట్టను బ్లేడు కిందికి తోసి, అంచులు సరిచేసి, చేతులు వెనక్కి లాక్కుంటుంది. లివరు దగ్గర నిలబడ్డ మామ "ఊఁ?" అంటాడు. "తీశానండీ" అంటుంది అత్త. ఆ మాట పడగానే లివరు దిగుతుంది. ఊఁ, తీశానండీ, ఠక్. పెళ్ళయిన కొత్తలో మొదలైంది, ముప్పై ఏళ్ళుగా అదే వరస. మాట ఆలస్యమైతే మొట్టికాయ. కట్ట వంకరైతే చెంపదెబ్బ. ఆయన పానా విసిరితే తప్పుకోవడం కూడా పనిలో భాగమే.

ఈమధ్య అత్త తప్పుకోవడం కూడా మర్చిపోతోంది. కూరగాయల కొట్టుకు వెళ్ళి, నాలుగు ఇళ్ళ అవతలున్న తన గుమ్మం పోల్చుకోలేక వీధి మధ్యలో నిలబడిపోయింది. కోడలిని ఎప్పుడో పోయిన చెల్లెలి పేరు పెట్టి పిలిచింది. మర్చిపోయినందుకు దెబ్బలు, దెబ్బల బెదురుకు మరింత మరుపు. గానుగ తిరిగినట్టు అక్కడక్కడే తిరుగుతోంది బతుకు.

కళ్ళజోడు మార్పించాలని మామకు చెప్పి, కోడలు ఆవిడను నరాల డాక్టరమ్మ దగ్గరకు తీసుకెళ్ళింది. కళ్ళలోకి లైటు వేసి చూద్దామని డాక్టరమ్మ చెయ్యి ఎత్తిందో లేదో, అత్త రెండు చేతులూ తలమీద అడ్డం పెట్టుకుని కుర్చీలోనే ముడుచుకుపోయింది. డాక్టరమ్మ లైటు బల్లమీద పెట్టేసింది.

"ఎన్నేళ్ళ నుంచి?" అని అడిగింది కోడలిని. జబ్బు గురించి కాదని కోడలికి అర్థమైంది.

పరీక్షలన్నీ అయ్యాక డాక్టరమ్మ నిదానంగా చెప్పింది. "ఇది మతిమరుపు జబ్బేనమ్మా. ఫలానా దానివల్లే వచ్చిందని తేల్చి చెప్పలేం. వయసుంది, బీపీ ఉంది. కానీ ఏళ్ళ తరబడి మనిషి భయంతో బిగుసుకునే బతికితే, ఆ ఒత్తిడి మెదడునీ వదలదు. ఈ జబ్బు వచ్చే ముప్పు అలాంటివాళ్ళలో ఎక్కువ కనిపిస్తోంది. పోయింది తెచ్చివ్వలేను. ఉన్నదాన్నైనా నాలుగు రోజులు నిలబెట్టాలంటే ముందు ఆ ఇంట్లో అరుపులు ఆగాలి. మిషను దగ్గరికి మాత్రం అస్సలు పంపకండి."

ఈ మాట చెబితే మామ పొట్ట పట్టుకుని నవ్వాడు. "భయపడితే బుర్ర అరిగిపోతుందా? అలాగైతే ఈ వీధిలో ఒక్క పెళ్ళానికీ మొగుడి పేరు గుర్తుండకూడదే!" నవ్వు అలా ఉండగానే డాక్టరమ్మ రాసిచ్చిన మందుసీసా నేలకేసి కొట్టాడు. "పద, కట్టలు పేరుకుపోయాయి."

ఆ మధ్యాహ్నమే జరిగింది అది. కోసిన పుస్తకాలను కోడలు దొంతి పెడుతోంది. బ్లేడు కింద కట్ట మొండికేసి పక్కకు జారుతోంది. అత్త రెండు చేతులూ దానిమీదే ఉన్నాయి.

"ఊఁ?"

"తీశానండీ."

చేతులు తియ్యలేదు. మాట ఒక్కటే వచ్చేసింది. కోడలు దొంతి వదిలేసి ఆవిడ భుజాలు పట్టుకుని వెనక్కి లాగింది. ఇద్దరూ కింద పడ్డారు. పైన ఠక్కుమంది. అత్త కొంగు అంచు ముక్క ఒకటి కాగితం మీద మిగిలింది.

మామ ఆ ముక్క చూడలేదు. చెదిరిన కట్ట చూశాడు. "కాగితమంతా నాశనం చేశావు కదే!" అంటూ చేతికందిన పానా విసిరాడు. అది కోడలి కనుబొమ్మకు తగిలింది. ఆమెకు ఒక కంట్లో లోకమంతా ఎర్రబడింది. కోడలి మీద చెయ్యి చేసుకోని మనిషినని ఇన్నాళ్ళూ నలుగురిలో చెప్పుకున్నాడు. ఆ గొప్ప కూడా ఆరోజుతో తీరిపోయింది.

భర్త గుమ్మంలో నిలబడి అటొకసారి ఇటొకసారి చూశాడు. షాపులో కుళాయి లేదు.

కోడలు రక్తం తుడుచుకోలేదు. "ఇకమీదట అత్తయ్య చేతులు ఆ బ్లేడు కిందికి వెళ్ళవు మావయ్యా. వెళ్ళాయంటే ఈ మొహం ఇలాగే పోలీసులకు చూపిస్తా."

"అబ్బో, మహారాణీవారి ఆజ్ఞ!" అన్నాడు మామ. గొంతులో మాత్రం కాస్త పదును తగ్గింది. మొన్నామధ్య ఈ అరుపుల మీదే స్టేషను నుంచి ఒకసారి మందలింపు తగిలి ఉంది. "సరే, కట్టలు నేనే పెట్టుకుంటా. అది లివరు లాగుతుంది. లాగడానిక్కూడా బుర్ర కావాలా?"

"నేను లాగుతాలే నాన్నా," అన్నాడు భర్త నెమ్మదిగా.

"నువ్వా? అప్పుడెప్పుడో బ్లేడు విరగ్గొట్టిన మొనగాడివి నువ్వే కదరా! నీకంటే మీ అమ్మే నయం. అవతలికి పో."

కోడలి కనుబొమ్మకు కుట్లు పడ్డాయి. ఆ రాత్రి ఆమెకు నిద్ర బాగా పట్టింది కూడా. ఆవిడ చేతులు దక్కాయి, చాలు అనుకుంది. డాక్టరమ్మ మిషను దగ్గరికే పంపవద్దని చెప్పిన మాట ఆమెకు తట్టనే లేదు.

మర్నాడు అత్త లివరు దగ్గర నిలబడింది. మొదట్లో మామ కట్ట పెట్టి, చేతులు తీసి, "లాగు" అంటే లాగింది. అలా కొన్ని కట్టలు బాగానే తెగాయి. తర్వాత వచ్చిన కట్టలో అట్టలు వంకరగా ఉన్నాయి. మామ వంగి, ఎడంచేత్తో కట్టను ఇవతల పట్టుకుని, కుడిచేత్తో సర్దుతున్నాడు. అత్త చూపు వీధిలోకి పోయింది. అక్కడ ఎవరిదో సైకిలు గోడకు ఆనించి ఉంది, అంతే.

మామ తల తిప్పకుండానే అది కనిపెట్టాడు. అరిచాడు. "ఏమే! నిలబడే నిద్రపోతున్నావా? ఊఁ?"

ఆ "ఊఁ"కి ఆవిడ దగ్గర ఒకే ఒక్క జవాబుంది. ఆ జవాబు వెనక ఒకే ఒక్క పని ఉంది.

"తీశానండీ," అని అత్త లివరు లాగింది.

చప్పుడు ఎప్పటి చప్పుడే, కాస్త మొద్దుగా వచ్చింది. తెల్లటి అంచుల మీద ఎరుపు పొరపొరగా దిగింది. మామ కుడిచెయ్యి వెనక్కి తీసుకుని దానివైపు చూశాడు. బొటనవేలు ఒక్కటే ఉంది. ముందు ఆయనకు నొప్పి తెలిసినట్టు లేదు, ఎవరిదో చెయ్యి చూసినట్టు చూశాడు. తర్వాత పెట్టిన కేక వీధి చివరిదాకా వినపడింది.

ఎడంచేత్తో కట్టలు తట్టే కొయ్యసుత్తి అందుకుని అత్త మీదికి వచ్చాడు. "చంపేస్తానే నిన్ను!"

అత్త కదల్లేదు. కోడలు ఇంకా అటు చేరకముందే ఆమె భర్త మధ్యలోకి దూకాడు. సుత్తి అతని మెడ పక్క ఎముక మీద పడింది. విరిగిన చప్పుడు కోడలికి స్పష్టంగా వినిపించింది. అతను పక్కకు జరగలేదు. ఒంటిచేత్తో తండ్రిని నేలకేసి తోసి, గుండెల మీద మోకాలు పెట్టి, తువ్వాలు ఆ చేతికి బిగించి చుట్టాడు. "కదలకు! రక్తం పోతోంది, కదలకు!" అని తండ్రి మొహంలోకి మొహం పెట్టి అరిచాడు. అతనికి అంత గొంతు ఉందని కోడలికి అప్పటిదాకా తెలియదు.

అత్త తన చేతులు ముందుకీ వెనక్కీ తిప్పి చూసుకుంటోంది. "ఉన్నాయి," అంది. "తీశాను కదా. తిట్టకండి."

ఆస్పత్రి మంచం మీద నుంచి మామ పోలీసాయనకు ఒకటే మాట చెప్పాడు. "కావాలనే చేసింది. మతిమరుపంతా నాటకం."

"మా షాపులో 'తీశానండీ' అన్న మాట అమ్మదే సార్," అన్నాడు పక్కన కట్టుతో నిలబడ్డ కొడుకు. "ఈయన అడిగాడు, ఆవిడ చెప్పింది. ముప్పై ఏళ్ళు కొట్టి కొట్టి నేర్పింది ఈయనే." పోలీసాయన కోడలి కనుబొమ్మనీ, అతని మెడ దగ్గర కట్టునీ మార్చి మార్చి చూసి, కాగితాలు మూసి లేచాడు.

వాళ్ళు వేరే వీధిలో రెండు గదుల వాటాలోకి మారిపోయారు. ఇక్కడ ఎవరూ అరవరు. అయినా అత్తకు పోయింది తిరిగి రాలేదు. కొడుకును ఒక్కోసారి అన్నయ్యా అంటుంది. కానీ గిన్నె కిందపడితే తలమీద చేతులు పెట్టుకోవడం మాత్రం తగ్గుతూ వచ్చింది. ఒకరోజు గ్లాసు తనే జారవిడిచి, ఆ చప్పుడుకు నవ్వింది కూడా. అది చూసి కోడలు వంటగదిలోకి వెళ్ళి ఏడ్చింది.

ఒక సాయంత్రం తలుపు చప్పుడైంది. కోడలు వచ్చేలోపే అత్త గడియ తీసింది. గుమ్మంలో మామ. కుడిచెయ్యి జేబులో ఉంది.

"ఎవరు కావాలండీ?" అంది అత్త, కొత్తవాళ్ళను చూసి నవ్వే నవ్వు నవ్వుతూ. ఆ మొహం ఆవిడకు గుర్తే లేదు.

మామ ఆ నవ్వు భరించలేకపోయాడు. "ఏమే!" అన్నాడు.

అత్త భుజాలు చెవుల దాకా లేచాయి. చేతులు రెండూ వీపు వెనక్కి పోయాయి. "తీశానండీ," అంది. "తీశానండీ, తీశానండీ."

కోడలు ఆవిడను లోపలికి లాగి, మామ మొహం మీదే తలుపు వేసి గడియ బిగించింది. బయటనుంచి తన్నులు మొదలయ్యాయి. తలుపు అదిరింది. బూతులు గదిలోకి జొరబడ్డాయి. లోపల స్నానాలగదిలో కుళాయి ధారగా పోతోంది, భర్త అప్పుడే మొహం కడుక్కుంటున్నాడు.

కోడలు ఆ వైపే చూసింది.

కుళాయి ఆగిపోయింది. అతను తడి మొహంతోనే బయటికి వచ్చి, నయం కాని ఆ భుజాన్ని కాచుకుంటూ, తలుపుకు వీపు ఆనించి నిలబడ్డాడు.