మంచు గుర్తు టైర్లు

ఈసారి ఊరి సర్పంచు సీటు ఆడవాళ్లకు వచ్చింది. దాంతో బయ్యన్న తన పెండ్లాం రామసుబ్బమ్మ పేరు పెట్టాడు. ఇరవై ఏళ్లుగా ఆ కుర్చీ కోసం తిరిగి, రెండుసార్లు ఓడిన మనిషి. కాగితంలో ఉండేది ఆమె పేరు, కుర్చీలో కూర్చునేది తాను అని ఇల్లిల్లూ తిరిగి చెప్పుకున్నాడు. ఆ సీటు ఆమెకూ కావాలి. ఎనిమిది రోజులకొకసారి వచ్చే కొళాయి నీళ్లకు బిందె పట్టుకొని నిలబడేది ఆమె గానీ బయ్యన్న కాదు.

నామినేషన్లకు గురువారం ఆఖరు. సాయంత్రం ఐదులోపల బెళుగుప్పలో ఎన్నికల ఆఫీసులో కాగితం ఇవ్వాలి. ముందురోజుల్లో ఇవ్వచ్చు గానీ పంతులు ఆ రోజే బాగుందన్నాడు.

పొద్దున తొమ్మిది బస్సుకు నేరుగా పోదామని రామసుబ్బమ్మ అంది. ఎవరు వింటారు? బయ్యన్న అక్క కొడుకు ప్రణీత్ బెంగుళూరు నుంచి ఎర్ర కారు తెచ్చాడు. నేలను నాకుతున్నట్టు కిందికి వంగిన కారు. రోజూ ఆఫీసుకు పోయేది అందులోనేనట, పందేలకు పోయేదాని మాదిరి ఉరుముతుంది. నామినేషన్ వేసి వచ్చాక ఊరేగింపులో అది ముందు నడవాలని బయ్యన్న కోరిక. దాని టైర్లేమో అరిగి నున్నగా ఉన్నాయి. అందుకని ముగ్గురూ ముందు అనంతపురం పోయి కేశవులు టైర్ల అంగట్లో దిగారు.

కేశవులు ముప్పై ఏళ్లు తాడిపత్రి బండల లారీలకు టైర్లు మార్చిన మనిషి. కారు చుట్టూ ఒకసారి తిరిగి, పాత సైజే వేసుకోమన్నాడు. పక్కగోడ ఎత్తుగా, మందంగా ఉండే టైరు, మన రోడ్లకు అదే నిలుస్తుందన్నాడు. ప్రణీత్ నవ్వాడు. తనకు కావలసినవి బెంగుళూరు నుంచి ముందే తెప్పించి ఆ అంగట్లోనే పెట్టించాడు. వెడల్పుగా, పక్కగోడ రెండు వేళ్ల ఎత్తు కూడా లేని టైర్లు. అన్ని కాలాలకూ పనికొచ్చేవట. ఎండకు, వానకు, మంచుకు. పక్కన కొండ బొమ్మ, దాని లోపల చిన్న పువ్వు.

ఆ పువ్వేమిటని రామసుబ్బమ్మ అడిగింది. మంచు పువ్వు అత్తా, మంచులో కూడా జారదని దాని అర్థం అన్నాడు ప్రణీత్.

“మనకాడ మంచు యాడుండాదప్పా?” అంది ఆమె. “మూడేండ్లుగా వానే లేదు. ఈడుండేది ఒకటే కాలం.”

కేశవులు మూతి తుడుచుకుంటూ నవ్వు దాచుకున్నాడు. చలికి పనికొచ్చే రబ్బరు మెత్తన, మన ఎండకు వెన్న మాదిరి అరిగిపోతుందని నిదానంగా చెప్పాడు. ప్రణీత్ సెల్లు తీసి ఎవరో దొర మాట్లాడే వీడియో చూపించాడు. ఆ దొర వెనక తెల్లగా కొండలు. బయ్యన్న దాన్ని రెండుసార్లు చూసి తలూపాడు. ఆయన అడిగింది ఒకటే, టైరు మీద అక్షరాలు జనానికి కనపడతాయా అని. కనపడతాయన్నారు. బేరం ముగిసింది.

మధ్యాహ్నం ఒంటిగంటకే పని అయిపోయింది. ఒకటిన్నర నుంచి మూడు దాకా రాహుకాలం. దారిలో ఉండగా రాహుకాలం పట్టుకుంటుందని బయ్యన్న కదలలేదు. కొత్త టైర్లకు పసుపు పూయించి, మూడు దాటినాక నిమ్మకాయలు తొక్కించి బయలుదేరదీశాడు. పంచాంగం చూసేవాడు గడియారం చూడడు. రామసుబ్బమ్మ వెనక సీట్లో కూర్చొని సెల్లులో టైము చూసుకుంటూ ఉంది. తొందరపెడితే మాత్రం కారు ముందుకు పోతుందా?

నాలుగు దాటింది. బెళుగుప్ప ఇంకా పద్దెనిమిది కిలోమీటర్లు. ఒక పల్లె దగ్గర రోడ్డు నిండా ఉలవ చెట్లు పరిచి ఉన్నాయి. పంట కోతల కాలంలో ఆ సీమలో తారురోడ్డే కళ్లం. వచ్చేపోయే బండ్లు తొక్కితే కాయ పగిలి గింజ రాలుతుంది, బస్సువాడు కూడా గొణగకుండా తొక్కిపోతాడు. బండి పక్కకు తప్పుకోకుండా అంచున రాళ్లు పెడతారు. ఈ సంగతి పాలు తాగే బిడ్డకు కూడా తెలుసు.

ప్రణీత్ తొక్కలేదు. కొత్త టైర్లకు చెత్త చుట్టుకుంటుందన్నాడు. పైనుంచే పోనీయమని అత్త చెప్తూ ఉండగానే కారును పక్కకు తిప్పాడు. అంచున పెట్టిన సూదంచు రాయి ఒకటి టైరు పక్కగోడను అడ్డంగా కోసింది. ఒక బుస్సు, అంతే. కారు మొగం కిందికి వేసింది.

డిక్కీ తెరిస్తే స్టెప్నీ లేదు. ఆ జాగాలో పాటల పెట్టె ఉంది. ప్రణీత్ సెల్లు చెవికి పెట్టుకొని సిగ్నల్ కోసం మిట్ట ఎక్కాడు.

ఉలవలు తిరగేస్తున్న ఇంద్రాణి అనే ఆమె వచ్చి చూసింది. ఆమెకు మోపెడ్ ఉంది. సంగతి విని, ఒకరినైతే ఎక్కించుకుంటా, ఇద్దరైతే మిట్ట ఎక్కదు అంది. కాగితాల సంచి బయ్యన్న చంకలో ఉంది. అభ్యర్థి పోయినా సరే, పేరు ప్రతిపాదించిన వాడు పోయినా సరే, కాగితం ఇవ్వచ్చు. ప్రతిపాదించింది ఆయనే. రామసుబ్బమ్మ ఆయనకు దారి వదిలి నిలబడింది.

బయ్యన్న మోపెడ్ వైపు చూశాడు. దాని మీద కాలు ఊని కూర్చున్న ఇంద్రాణి వైపు చూశాడు. ఊళ్లు దాటాలి, జనం చూస్తారు. “ఆడమనిషి ఎనక నేను కూర్చునేదా?” అన్నాడు.

“అయితే సంచి ఇట్ల ఇయ్యి.”

“నేను లేకుండా నువ్వాడ ఏం మాట్లాడతావు?”

“మాట్లాడేదానికి కాదు పోయేది. సంతకం చేసేదానికి.”

ఆయన చంక వదులు చేయలేదు. ఆమె తానే సంచి లాక్కుంది. కొంగు నడుముకు దోపి ఇంద్రాణి వెనక ఎక్కింది.

నాలుగూ నలభై ఎనిమిదికి ఆఫీసు మెట్లెక్కింది. వెంట్రుకల నిండా ఉలవ పొట్టు. ఆఫీసరు కాగితాలు తిరగేసి మీ ఆయన రాలేదా అన్నాడు. అక్కడికి వచ్చిన ప్రతి ఆడమనిషినీ ఆయన అడిగే మాటే అది. మా ఆయన టైరు కాడ ఉండాడని చెప్పి ఆమె పెన్ను కోసం చెయ్యి చాపింది. ప్రమాణం కాగితం తానే కూడబలుక్కొని చదివింది. తప్పు పోయిన చోట మళ్లీ చదివింది.

రసీదు తీసుకొని బయటికి వచ్చేసరికి సెల్లు మోగింది. తీసుకున్నారా అని బయ్యన్న అడిగాడు. తీసుకున్నారంది. ఇంకేమైనా అడిగారా, రసీదులో నా పేరు ఎక్కడైనా రాశారా అని మళ్లీ అడిగాడు.

“రాసినారు,” అంది రామసుబ్బమ్మ. “మొగుని పేరు అనే కాడ.”

సెల్లు కట్ చేసి, ఇంద్రాణికి టీ చెప్పడానికి హోటలు వైపు నడిచింది.