మూడు చుట్ల టేపు

కంప్యూటర్‌లో ఆపరేటింగ్ సిస్టమ్ కొత్తగా వేసి, హమ్మయ్య అని చెల్లెలు వెనక్కి వాలేలోపే కుట్టుమిషన్‌ను నడిపే ప్రోగ్రాం మొరాయించింది. సి డ్రైవ్‌లో తన ఫోల్డర్ లేదని మొత్తుకుంది. వెతికి చూస్తే సిస్టమ్ సిలో లేదు. జి డ్రైవ్‌లో కూర్చుని ఉంది.

“ఏమైందే పిచ్చుకా?” సూదికి దారం ఎక్కిస్తూ అడిగింది అక్క. సాయంత్రానికల్లా నలభై నర్సు కోట్ల మీద పేర్లు కుట్టివ్వాలి.

“ఒక్క నిమిషం అక్కా.”

“నీ ఒక్క నిమిషాలు పొద్దున్నించీ డజను దాటాయి.”

తప్పెక్కడ జరిగిందో చెల్లెలికి తెలుసు. కంప్యూటర్ వెనక నాలుగు అరల మెమరీ కార్డు రీడర్ ఉంది. సిస్టమ్ వేసేటప్పుడు అది తగిలించే ఉండటంతో సి, డి, ఇ, ఎఫ్ అక్షరాలు నాలుగూ అదే ముందు పట్టుకుంది. ఇంటి యజమాని లాంటి సిస్టమ్ వచ్చేసరికి జి మిగిలింది. పదేళ్ళ నాటి ఆ ప్రోగ్రాం సి తప్ప వేరే చోటు ఎరగదు.

రీడర్‌ను ముందే ఊడదీయాల్సింది. కానీ కార్డునీ, రీడర్నీ, దాని తీగనీ కలిపి కంప్యూటర్‌కే అంటించి అక్క మూడు చుట్లు టేపు వేసి ఉంచింది. అక్క గీసుకున్న డిజైన్లన్నీ ఆ కార్డులోనే ఉన్నాయి. అంతకుముందటి కార్డును చెల్లెలే ఎక్కడో పారేసుకుంది. అప్పుడు అక్క తిట్టలేదు. టేపు తెచ్చుకుంది. అంతే.

డ్రైవ్ అక్షరం ఒక్కటే మార్చేస్తే సరిపోదా అనుకుంది చెల్లెలు. ప్రయత్నిస్తే సిస్టమ్ ఒప్పుకోలేదు. దొడ్డిదారి ఒకటుంది. ఓసారి తన సొంత కంప్యూటర్ మీద ఆ దారినే వెళ్ళింది. లోపలి ఫైళ్ళన్నీ పాత అక్షరాన్నే వెతుక్కున్నాయి. ఆ కంప్యూటర్ మళ్ళీ తెరుచుకోలేదు. ఇవాళ అలా అయితే కోట్లూ పోతాయి, అక్క నమ్మకమూ పోతుంది.

మౌస్ వదిలేసింది.

“అక్కా, మళ్ళీ మొదటినుంచీ వెయ్యాలి. తప్పు నాదే. గంట పడుతుంది. రీడర్ తీసెయ్యాలి.”

అక్క చేతిలో దారం ఆగింది.

“టేపు విప్పాలా?”

“విప్పాలి. పొద్దున్నే అడగాల్సింది. నోరు రాలేదు.”

“అన్నిటికీ ఆడే నోరే కదా అది!” అంటూ అక్క కత్తెర తీసుకుంది. టేపు తెగకపోతే పళ్ళతో లాగింది. కార్డు తీసి గుప్పిట్లో పెట్టుకుని స్టూలు జరుపుకుని కూర్చుంది. ఆ గంటంతా పిడికిలి విప్పలేదు. ముక్కు దురద పెడితే ఎడం చేత్తో గోక్కుంది.

ఈసారి సిస్టమ్ నేరుగా సిలోకి వచ్చింది. ప్రోగ్రాం మళ్ళీ వేస్తే గొణగకుండా తెరుచుకుంది. చెల్లెలు రీడర్ తగిలించి చెయ్యి చాచింది.

అక్క ఆ అరచేతి వంక కాసేపు చూసింది. తర్వాత కార్డు అందులో పెట్టింది. చెమటకు తడిసి ఉంది. చెల్లెలు దాన్ని పైటకొంగుకు తుడిచి అరలోకి తోసింది. అడక్కుండానే డిజైన్లన్నీ సిస్టమ్‌లోకి కాపీ చేసింది.

“మళ్ళీ టేపు వేద్దామా?”

“టేపు అయిపోయిందే,” అంది అక్క మిషన్ వైపు తిరుగుతూ.

సగం కూడా అవని టేపు చుట్ట ఆమె మోచేతి పక్కనే ఉంది. దాని మీద కత్తెర పెట్టి, మొదటి కోటు అందుకుంది.