తెల్లగోడ

పడవలన్నీ సముద్రంలో ఉండగా పొక్లెయిన్ వచ్చి తెల్లగోడను కూల్చేసింది.

వలలు అల్లే అక్క చేతిలో సూది అలాగే ఆగిపోయింది. ఎప్పుడో మూతపడ్డ ఐసు ఫ్యాక్టరీ గోడ అది. కానీ ఆ తీరంలో అలలు మనిషెత్తున లేస్తాయి, అడుగున రాళ్లు. సముద్రంలోంచి చూస్తే తెల్లగోడ, దాని వెనక నీళ్ల ట్యాంకు ఒకే గీతలోకి రావాలి. ఆ గీత పట్టుకుని వస్తే పడవ క్షేమం. కాస్త పక్కకి జరిగితే చెక్కలు ఏరుకోవాల్సిందే. అక్క భర్త పడవతో కలిపి పన్నెండు పడవలు మధ్యాహ్నానికి ఆ గీత వెతుక్కుంటూ వస్తాయి.

"ఎంత పని చేశారయ్యా! మావాళ్లు సముద్రంలో ఉన్నారు!" ఆడవాళ్లంతా పరుగెత్తారు.

సర్ఫింగ్ రిసార్టు మేనేజరు కాగితం చూపించాడు. "ఈ గోడ ఎవరికీ పనికిరాదని మీ సంఘమే రాసిచ్చిందమ్మా."

కింద సంతకం అక్క తమ్ముడిది. పడవల సంఘానికి కార్యదర్శి వాడే. పోయిన వారం మీటింగులో, "గోడ జోలికొస్తే నన్ను దాటుకుని రావాలి" అని గొంతు చించుకున్నాడు. అందరికంటే ముందు చప్పట్లు కొట్టింది అక్కే.

అసలు పొరపాటు ఊరందరిదీ. అలల మీద ఆటకొచ్చిన కుర్రాళ్లు రాళ్లకు కొట్టుకుని నెత్తురోడుతుంటే జాలిపడి, రాళ్లులేని దారి చూపించింది ఊరే. ఇప్పుడు ఆ దారి రిసార్టుకి కావాలి. పడవలు అడ్డమట.

తమ్ముడు మేనేజరు వెనక, రిసార్టు చొక్కాలో నిలబడి ఉన్నాడు.

"ఒరేయ్, నాన్న భుజాలెక్కి నేర్చుకున్న గీత కదరా అది!"

"కాలం మారిందక్కా. అందరికీ ఉద్యోగాలిస్తామన్నారు."

"అందరికీనా, నీకా?" అంది చేపలమ్మే ముసలమ్మ.

వాడు మాట మార్చాడు. "బావ వాళ్లొచ్చాక, సాయంత్రం కూలుస్తామన్నారు..."

"మరి రేపో?" అంది అక్క.

ఎత్తుకు పెంచిన చేతులతోనే వాడి చెంప పగలగొట్టాలనిపించింది అక్కకి. అంత తీరిక లేదు. దూరంగా పడవలు కనబడుతున్నాయి.

"గోడ పోతే పోయింది. మనం లేమా? తెల్లదుప్పట్లు తెండే!" అని కేకేసింది.

ఇళ్లలోంచి దుప్పట్లు, పెరళ్లలోంచి గెడలు వచ్చాయి. శిథిలాల గుట్టెక్కి, పునాది రాళ్ల వెంబడి ఆడవాళ్లు వరసగా నిలబడ్డారు. సముద్రం మానేసిన ముసలాయన కింద నుంచి ట్యాంకు వంక చూస్తూ కేకలేస్తున్నాడు. "ఎడమకి! ఇంకో అడుగు! ఆఁ, అక్కడే!"

అల అంచున తచ్చాడుతున్న మొదటి పడవ తిరిగింది. గీత పట్టుకుంది.

అప్పుడే మేనేజరు పిలిపించిన పోలీసులు దిగారు. "మీలో నాయకురాలెవరు?"

ఆడవాళ్లెవరూ గెడలు దించలేదు. తమ్ముడే చెయ్యెత్తి చూపించాడు. "మా అక్కే సార్."

అక్కను ఈడ్చుకుపోతుంటే ఆమె గెడ ముసలమ్మ అందుకుంది. ముసలమ్మను లాగితే ఇంకొకతె. వ్యాను కిటికీలోంచి అక్క పడవల్ని లెక్కపెట్టింది. పన్నెండూ ఒడ్డెక్కాయి.

సాయంత్రం తమ్ముడు స్టేషనుకి కాగితం పట్టుకొచ్చాడు. "ఇంకెప్పుడూ గుట్ట ఎక్కనని సంతకం పెట్టక్కా, వదిలేస్తారు."

"సంతకాలు నీ పని రా," అంది అక్క. "నా పని గోడ."

వాడు వెళ్లిపోదామని తలుపు తీశాడు. అడుగు బయట పెట్టడానికి చోటు లేదు. పన్నెండు పడవలవాళ్లూ తెల్లదుప్పట్లు పట్టుకుని, గుమ్మానికి అడ్డంగా నిలబడి ఉన్నారు. ముందు వరసలో వాడి బావ ఉన్నాడు.