వానొస్తే చుట్టేసే బోర్డు

“ఇప్పుడంతా ట్రెండు బోర్డులే మాంగ్ టియో!” అంది మా ప్రకటనల ఏజెన్సీ యజమానురాలు మేడమ్ ఒలివ్.

మాంగ్ టియో ముఖం పాలిపోయింది. “రెండు బోర్డులా? ఒక్కదానికే నా దగ్గర డబ్బు లేదు మేడమ్!” ఏళ్ల తరబడి ఫ్యాక్టరీ మిక్సర్ హోరులో నానిన చెవులాయనవి.

“రెండు కాదు, ట్రెండు!” అని ఆయన చెవిలో అరిచాను. “అంటే రెండు నెలలుండి పోయేది లెండి.”

మేడమ్ నవ్వలేదు. నేను జీతం పెంచమన్నప్పుడు మాత్రమే నవ్వుతుందావిడ.

మాంగ్ టియోకి మహానగరం అంచున వాలెంజువెలాలో చిన్న ఫ్యాక్టరీ ఉంది. ఇంటి రేకులకు పడ్డ చిల్లులు మూసే బంక తయారుచేస్తాడు. వానాకాలంలో అది బాగా అమ్ముడుపోతేనే పనివాళ్లకు ఏడాదంతా పని. ఈసారి ప్రకటనల కోసం కూడబెట్టిందంతా మా చేతిలో పెట్టాడు.

మేడమ్ తెర మీద ఒక గీత చూపించింది. రోడ్డు పక్క పెద్ద బోర్డుల మీద ఖర్చు పెరుగుతోందని దాని అర్థం. గీత అబద్ధం కాదు. కానీ ఆ ఖర్చు పెంచింది ఫోన్ కంపెనీలూ, కోడివేపుడు కంపెనీలూ. వాళ్లకు ఏడాది పొడుగునా ఊరంతా బోర్డులే. మనకు ఒకే ఒక్కటి, అదీ వానల్లో.

“కార్లు తిరిగే రోడ్డు కాదు మేడమ్, కారే ఇళ్లున్న వీధులు కావాలి,” అన్నాను. “హార్డ్‌వేర్ కొట్ల ముందు చిన్న బోర్డులు పెడదాం. తుఫాను వార్తల మధ్య రేడియోలో నాలుగు ముక్కలు చెప్పిద్దాం. కరెంటు పోయినా బ్యాటరీ రేడియో వింటారుగా! కొంచెం కొంచెంగా వానాకాలమంతా లాగొచ్చు.”

“రేడియోనా? కుయా డెల్ఫిన్, నువ్వింకా మీ తాత కోసం ప్లాన్ చేస్తున్నావు.” కుయా, అంటే అన్నయ్యా, అంటూనే పొడిచింది మేడమ్.

“తుఫానొస్తే మీరు చెప్పే ఎడ్సా రోడ్డు మీద బోర్డుల గుడ్డలన్నీ చుట్టేయమంటారు అధికారులు, మేడమ్.”

“ఎప్పుడో ఒకటి రెండుసార్లు! దానికింత రాద్ధాంతమా?”

మాంగ్ టియో మా ఇద్దరినీ వదిలేసి ఆ గీతనే చూస్తున్నాడు. అంత ధీమాగా పైకి పోతున్న గీతతో నేనేం పోటీ పడను? ఆయన సంతకం పెట్టేశాడు.

బోర్డు ఎక్కిన శనివారం ఆయన జీప్నీ బండి మాట్లాడి, పనివాళ్లందరినీ పిల్లాపాపలతో సహా చూడ్డానికి బయల్దేరదీశాడు. ఒళ్లో పళ్లెం నిండా పాన్సిత్ నూడుల్స్. నన్నూ లాక్కెళ్లాడు. దారిలోనే చినుకులు మొదలయ్యాయి. ప్లానింగ్ అన్న మాటలోనే ‘నింగి’ ఉంది, మా ఆఫీసులో తలెత్తి చూసే నాథుడే లేడు. డ్రైవరు రేడియోలో తుఫాను హెచ్చరిక మోగగానే, నా పక్కవాళ్లంతా కబుర్లాపి అటు వంగారు.

మేం దిగేసరికి బోర్డు మీద మనుషులు తాళ్లతో వేలాడుతూ దాన్ని పైనుంచి చుట్టుకొస్తున్నారు. ముందు బంక డబ్బా బొమ్మ పోయింది. తర్వాత ఇల్లు పోయింది. ఫోను నంబరు కాసేపు బతికి, అదీ పోయింది. చివరికి ఇనుప చట్రం మిగిలింది. ప్రకటన కాస్తా ప్ర‘కటకట’న అయింది.

“మనదెక్కడ, మాంగ్ టియో?” అంది బంక కలిపే అలింగ్ పురా.

“అదిగో, ఆ చుట్ట.”

“లుంపియా రోల్‌లా ఉందే! నూనెలో వేయించడమే తక్కువ!”

అందరూ నవ్వారు. అంతలో వెనకనుంచి ఎవరో, “కంపెనీ మూసేస్తున్నారేమో, అందుకే దించేస్తున్నారు,” అన్నారు. నవ్వులు ఆగిపోయాయి. ఒకావిడ పిల్లాణ్ణి దగ్గరికి లాక్కుంది.

“నువ్వే చెప్పు పారె,” అన్నాడు మాంగ్ టియో, దోస్తుని బతిమాలినట్టు. “నాకు నోరు రావట్లేదు.”

జీప్నీ మెట్టెక్కి అందరికీ వినబడేలా చెప్పాను. “కంపెనీ మూయట్లేదు. గాలికి గుడ్డ చిరిగి కార్ల మీద పడకుండా, తుఫానొస్తే అన్ని బోర్డులూ చుట్టేస్తారు. వానలు ఆగాక మళ్లీ విప్పుతారు.”

“వానలు ఆగాక బంకెవడు కొంటాడయ్యా?” అంది అలింగ్ పురా.

నేను మెట్టు దిగాను.

“కట్టిన అద్దె?” అని అడిగాడు మాంగ్ టియో, మెల్లగా.

“వెనక్కి రాదు. దీని వెనకే ఇంకో తుఫానుందట.”

ఆయన పాన్సిత్ పళ్లెం అలింగ్ పురా చేతికిచ్చి, తడిసిన మొహం తుడుచుకున్నాడు. “సోమవారం నుంచి సగం మందే రండి. మిగతావాళ్లని వానలు తగ్గాక...” అని ఆగిపోయాడు. వానలు తగ్గాక బోర్డు విప్పుతారు గానీ బంక కొనేవాళ్లుండరని, నేను మెట్టెక్కి చెప్పినప్పుడే అందరికీ తెలిసిపోయింది.